ఎల్ బోర్డు బతుకులు
లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. చిరునామా దగ్గరే చిక్కు.

పాండేసరలో షిఫ్టు మారే వేళ రోడ్డు మీద నిలబడితే సగం భారతదేశం కనిపిస్తుంది. డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల నుంచి, మరమగ్గాల షెడ్ల నుంచి బయటికొచ్చే వారిలో ఒడిశాలోని గంజాం వాళ్లుంటారు, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లుంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల తెలుగువాళ్లూ ఉంటారు. మగ్గాన్ని వెతుక్కుంటూ పద్మశాలీలు షోలాపూర్, భివండి, సూరత్ దారి పట్టి తరాలు గడిచాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మీడియం కూడా చోటు సంపాదించుకుంది.

తండ్రి మగ్గం నడిపితే కొడుకు బండి నడపాలనుకుంటాడు. మిల్లుకూ బట్టల మార్కెట్‌కూ మధ్య మూటలు మోసే టెంపో అయినా, ఇంటింటికీ పార్సిళ్లు చేర్చే మోటార్ సైకిలైనా కూలి కంటే నయమని అతని లెక్క. దానికి కావలసింది లైసెన్సు. కథ అడ్డం తిరిగేది అక్కడే.

పండక్కి ఊరెళ్లి, పనిలో పనిగా అక్కడే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని తిరిగొచ్చిన కుర్రాడి సంగతే చూడండి. మోటారు వాహనాల చట్టం (1988) 13వ సెక్షన్ ప్రకారం ఆ కాగితం దేశమంతటా చెల్లుతుంది. కానీ దాని ఆయుష్షు ఆరు నెలలే. తీసుకున్నాక కనీసం 30 రోజులు ఆగితే గానీ డ్రైవింగ్ పరీక్షకు వెళ్లడానికి లేదు. నెల తర్వాత ఊరెళ్లాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కు ఒక రాత్రి, ఒక పగలు. మళ్లీ అంతే తిరుగు ప్రయాణం. మీటర్ల లెక్కన కూలి అందుకునే ఇంట్లో ఇన్ని నాగాలంటే మాటలు కాదు. తీరా పరీక్ష తప్పితే చేసిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

సూరత్‌లోనే పరీక్ష రాయొచ్చు కదా అంటే, రాయొచ్చు. నివాసం ఉంటున్న లేదా వృత్తి చేసుకుంటున్న రాష్ట్రంలో దరఖాస్తు చేసుకోవచ్చని చట్టమే అంటోంది. 2019 సవరణ తర్వాత ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీవో కార్యాలయమైనా ఫర్వాలేదు. కానీ ఆధార్ ఊరి చిరునామాతో ఉంటుంది. ఒకే గదిలో షిఫ్టుల వారీగా నిద్రపోయే కూలీలకు అద్దె పత్రం రాసిచ్చే యజమాని ఎక్కడ దొరుకుతాడు?

దాంతో చాలామంది ఎల్‌ఎల్‌ఆర్‌తోనే కాలం నెట్టుకొస్తారు. ఆ కాగితంతో బండి నడిపితే ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి, పూర్తి లైసెన్సున్న శిక్షకుడు వెంట ఉండాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఇది మూడోది. అద్దెకు మూటలు తోలడానికి ఎల్‌ఎల్‌ఆర్ అసలే పనికిరాదు. పట్టుబడితే చలానా తప్పదు. లైసెన్సు లేకుండా బండి నడిపితే జరిమానాను 2019 సెప్టెంబరులో కేంద్రం రూ. 500 నుంచి రూ. 5,000కు పెంచింది. అదే నెలలో గుజరాత్ ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు దాన్ని రూ. 2,000కు తగ్గించింది. కూలీకి అదీ తక్కువేం కాదు.

చలానా కంటే పెద్ద భయం ప్రమాదం. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సేనని, బాధితులకు బీమా సంస్థ పరిహారం చెల్లించాల్సిందేనని 2004 జనవరిలో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాధితులకు అది కొండంత అండ. కానీ ఎల్‌ఎల్‌ఆర్ గడువు తీరిపోయినా, నిబంధనలు గాలికొదిలేసినా, ఆ సొమ్మును బీమా సంస్థ తిరిగి బండి యజమాని నుంచి రాబట్టుకునే వీలుంది. అప్పు చేసి బండి కొన్నవాడికి అది రెండో అప్పు.

పూర్తి లైసెన్సున్న భారతీయుడు సందర్శకుడిగా బ్రిటన్ వెళితే అక్కడ 12 నెలలు కారు నడపొచ్చు. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్‌తో మరెన్నో దేశాల్లోనూ నడపొచ్చు. ఆ పర్మిట్ ఎల్‌ఎల్‌ఆర్ మీద ఇవ్వరు. అంటే పరాయి దేశానికి దారి తీసే పూర్తి లైసెన్సు, పొరుగు రాష్ట్రంలో బతికేవాడికి చిరునామా లేక అందడం లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు ఆర్టీవో కౌంటరు దగ్గర ఆగిపోతోంది.

మార్గం లేకపోలేదు. పత్రాలు చూపలేని దరఖాస్తుదారు నోటరీ ముందు ప్రమాణ పత్రం ఇస్తే అధికారి ఆమోదించవచ్చని 1989 నాటి నిబంధనల్లో నాలుగోది చెప్పింది. రవాణా వాహనాల డ్రైవర్లకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న షరతును కేంద్రం 2019లో ఎత్తేసింది. తలచుకుంటే చిరునామా ముడినీ విప్పవచ్చు. మిల్లు యజమాని ఇచ్చే పని ధ్రువపత్రాన్ని అంగీకరించినా, ఏ రాష్ట్రంలో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నా మరో రాష్ట్రంలో పరీక్ష రాయనిచ్చినా సగం సమస్య తీరుతుంది.

ఎల్ బోర్డు ఆరు నెలల ముచ్చట. పాండేసరలో దాన్ని ఏళ్ల తరబడి మోయిస్తున్నారు.