నాక్ సెన్సర్ కోడ్ వచ్చిందా? ఆర్డర్ పెట్టేముందు కనెక్టర్ ఊడదీసి చూడండి

చవకలో ఓ బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొని, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు, మనమే మెకానిక్ అయిపోయినట్టు ఫీలవుతాం. నేనూ అలాగే ఫీలయ్యా. దాని బిల్లు మాత్రం మా చిన్నాన్న కట్టాడు.

ఆయనది మైపాడు. ఆరేళ్ల పెట్రోల్ కారు, ఇంటి ముందు ఆరుబయటే ఉంటుంది. రొయ్యల గుంటల దగ్గరికి పోవాలన్నా, నెల్లూరు పోవాలన్నా అదే దిక్కు. ఓ రోజు ఫోన్ చేసి, "రేయ్, బండి లాగడంలా. ఇంజిన్ బొమ్మ లైటు వెలగతానే ఉంది. నీ కాడ ఏందో మిషన్ ఉందంటివే, తెచ్చి చూడు" అన్నాడు.

వెళ్లి డాంగిల్ పెట్టా. పీ0327 అని వచ్చింది. దాని కింద ‘నాక్ సెన్సర్’ అనే మాట కనిపించింది. ఇంకేముంది, సెన్సర్ పోయిందని తేల్చేసి ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించా. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉండటంతో బిగించడానికి లేబర్ ఖర్చు వేరే. వారం తిరక్కుండానే మళ్లీ అదే లైటు, అదే కోడ్. తప్పు డాంగిల్‌ది కాదు, నాది.

కోడ్ చెప్పేది ఒకటి, మనం చదివేది ఇంకొకటి

పీ0327 అంటే ‘నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో సిగ్నల్ ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది’ అని అర్థం. పీ0328 అయితే ఎక్కువగా ఉందని. పీ0325 అయితే మొత్తంగా సర్క్యూట్‌లో తేడా ఉందని. గమనించండి, మూడింట్లోనూ ఉన్న మాట సర్క్యూట్. అంటే సెన్సర్, వైరు, కనెక్టర్, గ్రౌండ్ అన్నీ అనుమానితులే. నేను మాత్రం అందరికంటే ఖరీదైన వాణ్ణే పట్టుకున్నా.

నాక్ సెన్సర్ లోపల ఉండేది పీజో ముక్క. వణికితే కొద్దిపాటి వోల్టేజీ పుట్టిస్తుంది. 2016లో వచ్చిన షావోమీ మీ మిక్స్ గుర్తుందా? దాని ఇయర్‌పీస్‌లో ఇదే సూత్రం తిరగేసి వాడారు: వోల్టేజీ ఇస్తే పీజో వణికి శబ్దం వస్తుంది. కారులో పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలితే ఇంజిన్ బ్లాక్ కొన్ని వేల హెర్ట్జ్‌లలో కంపిస్తుంది. సెన్సర్ ఆ సంగతి ఈసీయూకి చెప్తుంది, ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. సిగ్నలే సరిగా రాకపోతే? చాలా కార్లలో ఈసీయూ ముందుజాగ్రత్తగా టైమింగ్ తగ్గించేస్తుంది. అందుకే పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది. చిన్నాన్న "లాగడంలా" అన్నది దీన్నే.

అసలు దొంగ ఉప్పుగాలి

రెండోసారి కనెక్టర్ ఊడదీసి టార్చ్ వేసి చూశా. పిన్నుల మీద పచ్చటి పొడి. రబ్బరు సీలు చిట్లిపోయి ఉంది. సముద్రం పక్కన ఆరుబయట నిలబడే బండికి ఇది మామూలే. సెన్సర్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, ఆ తుప్పు దాటి సరిగా పోవడం కష్టం. కనెక్టర్ మార్పిస్తే కొన్ని వందల్లో పనైపోయింది. లైటు మళ్లీ రాలేదు. ఇంటికొచ్చి పాత సెన్సర్‌కు మల్టీమీటర్ పెట్టి, ఏసీ మిల్లీవోల్ట్‌లలో ఉంచి మెల్లగా తట్టా. రీడింగ్ చక్కగా కదిలింది. అనవసరంగా పీకేశాం దాన్ని.

ఈ వరసలో చూడండి

ముందు కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటాను స్క్రీన్‌షాట్ తీసుకోండి. లైటు వచ్చినప్పుడు ఇంజిన్ వేగం, వేడి, లోడ్ ఎంతో అందులో ఉంటాయి. ‘క్లియర్’ నొక్కితే అదంతా పోతుంది. తర్వాత ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆపేసి కనెక్టర్, వైరు చూడండి. పొలాల పక్కన ఆగే బండైతే ఎలుక కొరికిందేమో కూడా చూడాలి. ఆపైన మల్టీమీటర్‌తో వైరు తెగిందో లేదో చెక్ చేయండి. సెన్సర్ రెసిస్టెన్స్ ఎంత ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్ అంకెనే నమ్మండి. బోల్టు బిగింపు కూడా ముఖ్యం. చాలా సెన్సర్లకు 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. వదులైనా, మరీ బిగిసినా సెన్సర్ సరిగా వినలేదు. ఇవన్నీ బాగుంటేనే కొత్త సెన్సర్.

ఫోన్ మైక్‌తో నాక్ పట్టేద్దామనుకునే వాళ్లకు ఒక మాట. మైక్ వినేది గాలిలో శబ్దాన్ని, సెన్సర్ వినేది లోహంలో కంపనాన్ని. పైగా ఈసీయూ ప్రతి స్పార్క్ తర్వాత కొద్ది క్షణమే చెవి పెడుతుంది. ఆ పని యాప్ వల్ల కాదు.

డాంగిల్ వద్దని నేను అనను. కానీ మన రివ్యూల్లో ఎంత త్వరగా కనెక్ట్ అయింది, ఎన్ని కోడ్‌లు చదివింది అనే వాటికే స్టార్లు ఇస్తున్నాం. ఫ్రీజ్ ఫ్రేమ్ చూపిస్తుందా? కోడ్‌లో ‘సర్క్యూట్’ అనే మాటను దాచేసి ‘సెన్సర్ మార్చండి’ అంటుందా? నా దృష్టిలో రేటింగ్ ఇవ్వాల్సింది వీటికి. కోడ్ ఏ వీధిలో వెతకాలో చెప్తుంది, ఏ ఇల్లో మనమే తలుపు తట్టి తెలుసుకోవాలి.