తలిదండ్రులకు చూపదగిన వింత

విదేశమున కాపురమున్న బిడ్డలయొద్దకు తలిదండ్రులు వచ్చినప్పుడు వారికి ముందుగా ఏమి చూపవలెను? పట్టణపు వింతలనియే పలువురి తలంపు. సింగపూరున మేమును అట్లే తలంచితిమి. 1859లో స్థాపింపబడిన వృక్షోద్యానమును, 1987 నుండి నడచుచున్న భూగర్భ రైలును, 2012లో తెరువబడిన సముద్రతీరపు తోటలో 50 మీటర్ల వరకు ఎత్తుగల లోహవృక్షములను మూడు దినములలో చూపితిమి. నాయనగారు మెచ్చుకొనిరి. అమ్మగారికి కాళ్లు వాచినవి.

నాలుగవనాడు అమ్మగారు, "అన్నియు బాగున్నవి నాయనా! నీకు జ్వరము వచ్చినచో గంజి కాచి యిచ్చువారెవరు?" అని యడిగిరి. మాకు నోట మాట రాలేదు.

అంతట మా త్రోవ మార్చుకొంటిమి. టెక్కా అంగడికి పోయి వారిచేతనే మునగకాయలు బేరమాడించితిమి. ఆదివారమున, 1862లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ ఆండ్రూస్ దేవాలయమున వారితోకూడ ప్రార్థించితిమి. ఐదేండ్లుగా చిరునవ్వుతోనే సరిపుచ్చుచు వచ్చిన పొరుగింటి చీనా అవ్వ తలుపు ఆ సాయంకాలమే మొదటిసారి తట్టితిమి. ఒకరి భాష ఒకరికి రాదు. అయినను అమ్మగారు ఆమె చేతులు పట్టుకొని చాలసేపు విడువలేదు. ఆ రాత్రి నెమ్మదిగా నిద్రించిరి.

బిడ్డ యొంటరివాడు కాడని కన్నులార చూచుకొనుటకే తలిదండ్రులు అంతదూరము వత్తురని మా యభిప్రాయము. విద్యార్థులారా, రేపు మీరే దేశమునకేగినను, తలిదండ్రులు వచ్చి యడుగువరకు ఆగక, పొరుగువారి తలుపు ముందే తట్టుడు.