ఇతర ఖర్చులు

ఈ సంచిక పనుల్లో ఉండగా కర్నూలు నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అమ్మాయి అంటున్నాను గాని ఇప్పుడామెకు ముప్పై ఏడేళ్లు, ఇద్దరు పిల్లలు. "అప్పుడు సర్వే పని చేసినట్టు ఒక కాయితం కావల్ల మేడం" అంది. ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగానికి ఊళ్లలో పనిచేసిన అనుభవం చూపించమన్నారట. కాయితం ఇవ్వాల్సింది మేమిద్దరం పనిచేసిన విశ్వవిద్యాలయ ప్రాజెక్టు. అక్కడికి ఫోన్ చేస్తే, ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది, ఆ పేరుతో ఎవరూ పనిచేసినట్టు రికార్డు లేదన్నారు. ఎందుకు లేదో నాకు తెలుసు.

2009లో నేను పీహెచ్‌డీ చేస్తూ, కూలి, అప్పులు, ఉపాధి పనుల మీద జరిగే ఒక అర్థశాస్త్ర పరిశోధనకు కర్నూలు, కడప జిల్లాల సమన్వయకర్తగా చేరాను. ఊళ్ల జాబితా, ఏ నెలలో ఏ ఊరన్న పట్టిక రెండూ పైనుంచే వచ్చాయి. పట్టిక ప్రకారం ఫిబ్రవరిలో కోసిగి వైపు వెళ్తే ఇల్లు విడిచి ఇంటికి తాళాలు. "సుగ్గికి పోయినారు, ఉగాదికొస్తారు" అన్నారు అరుగుల మీది ముసలివాళ్లు. గుంటూరు మిరప చేలకు పిల్లాజెల్లాతో తరలిపోతారన్న సంగతి పట్టిక వేసినవాళ్లకు తెలియదు. తాళం వేసిన ఇంటిని జాబితాలోంచి తీసేస్తే మిగిలేవి వలస పోనక్కర్లేని ఇళ్లు. ఆ ఇళ్లను అడిగి పేదరికం గురించి ఏం కనుక్కుంటాం? పట్టిక తిరగరాయించడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. "ఇది ఆఫీసు పని, పరిశోధన విషయం కాదు" అని నాకు చెప్పారు కూడా.

కడప జిల్లాలో ఎండాకాలం ఇంకో చిక్కు. ఆడవాళ్లు తెల్లారకముందే కరువు పనికి పోతారు. తిరిగొచ్చాక నీళ్లు, వంట, పశువులు. మా ప్రశ్నలకు గంటన్నర కావాలి, వాళ్లు దొరికేది సాయంత్రమే. సాయంత్రమైతే ఆఖరి బస్సు పోతుంది. అప్పుడు మా ఆరుగురు ఇన్వెస్టిగేటర్లు, అందరూ ఇరవై దాటిన ఆడపిల్లలే, ఎక్కడ పడుకోవాలి? ఎవరి వసారాలో? మరుగుదొడ్డి ఉందా? బహిష్టు రోజుల్లో ఏం చేయాలి? వాళ్ల అమ్మానాన్నలకు ఎవరు నచ్చచెప్పాలి? బడ్జెట్లో వీటన్నిటికీ కలిపి ఒకే గడి ఉండేది, "ఇతర ఖర్చులు" అని. జీపు అద్దెకు వేరే గడి ఉంది. ఫొటోస్టాట్లకూ ఉంది. స్త్రీల ఇంటిపని జాతీయాదాయంలోకి రాదని పాఠం చెప్పే శాస్త్రం వేసుకున్న సొంత లెక్క ఇది!

ఆ జీపు నడిపే మనిషి ఈ అమ్మాయిని వేధించాడు. ఆమె భయపడకుండా వచ్చి నాకు చెప్పింది. నేను పైకి చెప్పాను. "ఆ అమ్మాయిని మార్చేయండి, పని ఆగకూడదు" అని జవాబొచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు 1997లోనే వచ్చింది. దాని మీద నేను సెమినార్లో పేపరు కూడా చదివి ఉన్నాను. అయినా ఆమెనే ఇంటికి పంపాను. జీపు అలాగే తిరిగింది. మా ఇన్వెస్టిగేటర్లకు నియామక పత్రాలు లేవు, ఫారానికి ఇంత అని కూలి. మధ్యలో మానేసినవారి ఫారాలు లెక్కలో ఇబ్బంది అంటే, ఆమె నింపినవన్నీ మరొకరి పేరు మీద వేసి సరిచేసింది నేనే. డబ్బు ఆమెకు చేరవేశాను. పేరు మాత్రం పోయింది.

ఫారానికి ఇంత అన్న పద్ధతి ఆ పిల్లలకే కాదు, పరిశోధనకూ చెరుపే. అప్పు సంగతి అడిగితే ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కాసేపు ఆగితే చెబుతుంది. ఆగితే ఆ రోజు రెండో ఫారం నిండదు. "అప్పు లేదు" అని రాసుకుని లేచిపోవడమే లాభం.

ఇదే సీమలో పెద్ద పరిశోధనలూ జరిగాయి. వాటితో నాకు సంబంధం లేదు, వాటిని తప్పు పట్టడమూ లేదు. ఉపాధి కూలీని, పెన్షన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లిస్తే ఏమవుతుందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 2010-12లో పరిశీలించారు. కర్నూలు, కడపలతో సహా అప్పటి రాష్ట్రంలోని 8 జిల్లాలు, 157 మండలాలు. 112 మండలాలకు కార్డులు ముందు, 45కు తర్వాత అని లాటరీ తీశారు. 2016లో అచ్చయిన ఫలితం ప్రకారం కూలి అందుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, మధ్యలో మాయమయ్యే డబ్బూ తగ్గింది. ఊళ్లో మిషన్ పట్టుకుని డబ్బు పంచే మనిషి ఆ ఊరి స్త్రీ, పొదుపు సంఘం సభ్యురాలు అయి ఉండాలని ప్రభుత్వం షరతు పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం కడప జిల్లాలో 2002 నుంచి అవే పిల్లలను మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చింది. కుటుంబం ఎటు వలస పోయిందో, పెళ్లయిన పిల్ల ఏ ఊరి కోడలైందో ఆరా తీసేవాళ్లు లేకపోతే రెండోసారి కలవడమే ఉండదు. ఇది ఆఫీసు పనా, పరిశోధనా?

2013 చట్టం దినకూలీకీ, కాంట్రాక్టు మనిషికీ, ఏజెంటు ద్వారా వచ్చినవారికీ వర్తిస్తుంది. పని మీద వెళ్లిన ఊరూ, యాజమాన్యం పెట్టిన జీపూ కూడా పని స్థలమే. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు వచ్చాక మన ఊళ్ల ఆడపిల్లలే ఎంఏ చదివి ఈ పనుల్లో చేరుతున్నారు. బయటినుంచి ఏ ప్రాజెక్టు వచ్చినా ముందు నియామక పత్రం, రోజు కూలి, బసకు వేరే గడి, తెలుగులో రాసిన కమిటీ ఫోన్ నంబరు అడగమని అక్కడి అధ్యాపకులను కోరుతున్నాం. ఈ పని చేసిన స్త్రీలు తమ అనుభవాలు మాకు రాయండి. పేరు వేయవద్దంటే వేయం.

ఆమెకు కాయితం నా సంతకంతో ఇచ్చాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేసిందో మొదటి పేరాలో, రికార్డులో ఆమె పేరు ఎందుకు లేదో రెండో పేరాలో రాశాను. ఉద్యోగమిచ్చేవాళ్లకు అదంతా ఎందుకు మేడం అని రెండో పేరా తీసేయించింది. విశ్వవిద్యాలయానికి పంపిన ప్రతిలో మాత్రం అది ఉంది. జవాబు ఇంకా రాలేదు.