బండికి ఇన్సూరెన్స్ ఉంది, మరి నడిపే బిడ్డకు?

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలయ్యాయంటే మా క్యాజువాలిటీకి కుర్రవాళ్ళ రాక పెరుగుతుంది. కొందరు చేయి విరిగి వస్తారు, కొందరు తొడ ఎముక విరిగి వస్తారు. తలకు దెబ్బ తగిలి మాట్లాడలేని స్థితిలో వచ్చేవారూ ఉంటారు. కట్టు కట్టి, ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ అవసరమని చెప్పాక, బయట బెంచీ మీద కూర్చున్న తండ్రి మమ్మల్ని దాదాపు ఎప్పుడూ ఒకే మాట అడుగుతాడు. "డాక్టరుగారూ, బండికి ఇన్సూరెన్స్ ఉందండీ. బాబు ఆపరేషన్ ఖర్చు వాళ్ళు ఇస్తారు కదండీ?"

ఆ ప్రశ్నకు మేము చాలాసార్లు "ఇవ్వరండీ" అనే చెప్పవలసి వస్తుంది. ఆ మాట విన్నాక ఆయన ముఖం చూడడం మాకు కష్టంగా ఉంటుంది. ప్రతి ఏడాదీ డబ్బు కట్టాడు, కాగితం జాగ్రత్తగా దాచాడు. కానీ ఆ కాగితం తన కొడుకును కాపాడేది కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య సంఘంలోని కుటుంబాలవారు కూడా "అబ్బాయి కారు నేర్చుకుంటున్నాడండీ, తక్కువలో అయ్యే ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. మేము ఏజెంట్లము కాము. అయినా ఇన్సూరెన్స్ లేకపోవడం వల్ల, ఉన్నా సరైనది కాకపోవడం వల్ల ఇల్లు ఎలా చితికిపోతుందో దగ్గరనుండి చూసేవారము కనుక ఒక మాట చెప్పదలచుకున్నాము. "ఎంత తక్కువకు వస్తుంది?" అని అడిగే ముందు "దెబ్బ తగిలితే డబ్బు ఎవరికి వస్తుంది?" అని అడగండి.

ముందుగా ధర సంగతి చూద్దాము. విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి ప్రీమియం గురించి చెబుతుంటే ఇక్కడి తల్లిదండ్రులకు భయం వేస్తుంది. ఇంగ్లండులో నడిపేవారి వయసు, అనుభవం బట్టి ప్రీమియం మారుతుంది, కొత్తగా నేర్చుకున్న కుర్రవాళ్ళకు చాలా ఎక్కువ పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి కొడుకు నడిపే కారుకు తండ్రినే ముఖ్యమైన డ్రైవరుగా చూపిస్తే అక్కడ అది మోసం కిందకు వస్తుంది. మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ థర్డ్ పార్టీ ప్రీమియం బండిని బట్టి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు నడిపినా, యాభై ఏళ్ళ తండ్రి నడిపినా ఒకటే ధర.

ఆ ధరను కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సి.సి. లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సి.సి. వరకు 3,416 రూపాయలు, అంతకు మించితే 7,897 రూపాయలు. 75 దాటి 150 సి.సి. వరకు ఉన్న మోటారు సైకిలుకు 714 రూపాయలు. పన్ను అదనం. ఈ పట్టిక ఎప్పుడు మారినా అన్ని కంపెనీలకూ ఒకేసారి మారుతుంది. కాబట్టి "థర్డ్ పార్టీ నేను సగం ధరకే చేయిస్తాను" అని ఎవరైనా వస్తే, ఆ కాగితం నకిలీదేమోనని అనుమానించాలి.

ఇక అసలు విషయం. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల దెబ్బ తిన్న అవతలి మనిషి. రోడ్డు దాటుతున్న ముసలమ్మ, సైకిలు మీద పనికి వెళ్ళే కూలి, బడికి నడిచిపోయే పాప - వీరికోసమే మోటారు వాహనాల చట్టం 1988 దీన్ని తప్పనిసరి చేసింది. అది లేకపోతే వారికి ఇవ్వవలసిన నష్టపరిహారం బండి యజమాని తన ఆస్తిలోనుండి కట్టాలి. పాలసీ లేకుండా మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. "జరిమానా, ప్రీమియం ఒక్కటేగా, దొరికినప్పుడు చూద్దాం" అనేవారిని మేము చూశాము. పొలం అమ్మి పరిహారం కట్టాల్సిన రోజు వచ్చాక ఆ లెక్క ఎవరూ చెప్పరు.

అయితే ఈ థర్డ్ పార్టీలో బండి నడిపే మన అబ్బాయి లేడు. చాలామందికి తెలియనిది ఇదే. యజమాని దగ్గర అడిగి తీసుకుని బండి నడిపే వ్యక్తి యజమాని స్థానంలోనే ఉంటాడని, మూడో వ్యక్తి కాడని 2009లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. మోటారు సైకిలు వెనుక కూర్చున్నవారికి, కారులో ఉన్న ఇంట్లోవారికి కూడా కేవలం థర్డ్ పార్టీ పాలసీ సాధారణంగా వర్తించదు. 2012లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. ప్యాకేజీ పాలసీ, అంటే మనం "ఫుల్ ఇన్సూరెన్స్" అనేది ఉంటేనే కారులో కూర్చున్నవారికి కూడా రక్షణ ఉంటుంది. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునే పాత కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే చేయించి "తక్కువలో అయిపోయింది" అని సంతోషించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా అని కొందరు అంటారు. నిజమే, 2018 నుండి ఆ మొత్తం 15 లక్షలు. కానీ అది ఆర్.సి. ఎవరి పేరు మీద ఉందో వారికి, వారికి సరైన లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. ఆర్.సి. నాన్న పేరు మీద ఉండి, నడిపేది అబ్బాయి అయితే అబ్బాయికి అందులో రూపాయి రాదు. పైగా అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి ఇచ్చేదే గాని ఆపరేషన్ బిల్లులకు ఇచ్చేది కాదు.

మరి తక్కువ ఖర్చులో ఏమి చేయాలి? మాకు తోచినవి ఇవి.

మొదటిది, నేర్చుకునే అబ్బాయి పేరు మీద విడిగా ప్రమాద బీమా తీసుకోండి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుండి 70 ఏళ్ళ వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలకే ఉంది. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు ఇస్తారు. ఇది చాలదు, కానీ ఏమీ లేకపోవడం కన్నా ఎంతో మేలు. వీలైతే ఇంకొంచెం పెద్ద ప్రమాద పాలసీ ఒకటి, ఆసుపత్రి ఖర్చులకు ఆరోగ్య బీమా ఒకటి ఉండాలి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మంచిదే. కానీ తొడ ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఇంటి ఖర్చు, ఫిజియోథెరపీ ఎవరు చూస్తారు?

రెండవది, ఆదా చేయగలిగినది మన బండికి జరిగే నష్టం భాగంలో మాత్రమే. 2007 నుండి ఈ భాగానికి కంపెనీలే ధరలు నిర్ణయిస్తున్నాయి. అందుకని కనీసం మూడు చోట్ల అడగండి. అడిగేటప్పుడు బండి విలువ ఎంత వేశారో కూడా చూడండి. విలువ తక్కువ వేస్తే ప్రీమియం తగ్గుతుంది, కానీ బండి పోయిన రోజున వచ్చేదీ అంతే. నేర్చుకునేవాడు గోడకు గీకడం, బంపరు సొట్ట పెట్టడం మామూలే. చిన్న చిన్న సొట్టలకు క్లెయిము చేయకండి. క్లెయిము లేని ప్రతి ఏటికీ 20 నుండి మొదలై 50 శాతం వరకు రాయితీ వస్తుంది. రెండు వేల రూపాయల పనికి క్లెయిము వేస్తే మరుసటి ఏడాది అంతకన్నా ఎక్కువ పోగొట్టుకోవచ్చు. గడువు దాటి 90 రోజులలోపు రెన్యువల్ చేయకపోతే ఆ రాయితీ మొత్తం పోతుంది.

మూడవది, ఎల్.ఎల్.ఆర్. షరతులు. ఎల్.ఎల్.ఆర్. ఉన్నవారు నడిపితే పాలసీ చెల్లదని భయపడనక్కరలేదు. అది కూడా లైసెన్సే అని, బాధితులకు కంపెనీ చెల్లించాలని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ షరతు ఉంది. పక్కన సరైన లైసెన్సు ఉన్నవారు, బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని "ఎల్" అక్షరం ఉండాలి. తోటి ఎల్.ఎల్.ఆర్. స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకుంటే కుదరదు. షరతు తప్పితే మన కారు నష్టానికి క్లెయిము తిరస్కరించవచ్చు, అవతలివారికి చెల్లించినది మన దగ్గర వసూలు చేసుకునే అవకాశమూ ఉంది. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలే పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోండి. స్తోమత ఉంటే మొదటి పాఠాలు డ్రైవింగ్ స్కూలు కారులోనే నేర్పించండి. అక్కడ నేర్పేవారి కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది.

నాలుగవది, సెకండ్ హ్యాండ్ కారు. పిల్లలు నేర్చుకోవడానికి చాలామంది కొనేది అదే. ఆర్.సి. మార్పించుకుంటారు, పాలసీ మాత్రం పాతవారి పేరు మీదే వదిలేస్తారు. కొన్న 14 రోజులలోపు కంపెనీకి తెలియజేసి పాలసీ మన పేరుకు మార్పించుకోవాలి. లేకపోతే కారు దెబ్బతిన్నప్పుడు చిక్కులు వస్తాయి.

చివరగా ఒక కఠినమైన మాట. పదహారేళ్ళ బాబు చేతికి తాళం ఇచ్చి "మా వాడు బాగా తోలతాడండీ" అని గర్వంగా చెప్పే తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. గేర్లున్న బండికి, కారుకు 18 ఏళ్ళు నిండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. అటువంటి ప్రయాణానికి తగిన చవక ఇన్సూరెన్స్ ఏ కంపెనీ దగ్గరా లేదు. దానికి ఒక్కటే మార్గం, తాళం అమ్మ దగ్గర ఉండడం.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. బీరువాలోని పాలసీ కాగితం తీసి అబ్బాయితో పాటు కూర్చుని చదవండి. గడువు ఎప్పటిదాకా ఉంది? థర్డ్ పార్టీయా, ప్యాకేజీయా? ఎవరి పేరు మీద ఉంది? నడిపే బిడ్డకు అందులో ఏముంది? అర్థం కాకపోతే పాలసీ ఇచ్చిన ఆఫీసుకే వెళ్ళి అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మా బెంచీ మీద కూర్చుని అడగవలసిన ప్రశ్నను మీ ఇంటి గడపలోనే ముందుగా అడగండి. అప్పుడు "ఇవ్వరండీ" అనే మాట మేము మీకు చెప్పనక్కరలేదు.