చీటీలో వచ్చే ముఖ్యమంత్రి

2023 డిసెంబరు 12న జైపూర్‌లో బీజేపీ శాసనసభాపక్షం సమావేశమైంది. ఢిల్లీ నుంచి పరిశీలకుడిగా వచ్చిన రాజ్‌నాథ్ సింగ్ ఒక చీటీని వసుంధరా రాజే చేతిలో పెట్టారు. రెండు దఫాలు ముఖ్యమంత్రిగా చేసిన ఆమె దాన్ని విప్పి చూసుకుని, అందులో ఉన్న పేరును ప్రతిపాదించారు. ఆ పేరు భజన్‌లాల్ శర్మ. తొలిసారి గెలిచిన ఎమ్మెల్యే. చప్పట్లు మోగాయి, ఎన్నిక ‘ఏకగ్రీవం’ అయింది. గెలిచి వచ్చిన 115 మంది తమ నాయకుణ్ణి ఎన్నుకోలేదు, తెలుసుకున్నారు.

దానికి వారం ముందు హైదరాబాద్‌లో కాంగ్రెస్ శాసనసభాపక్షం కూర్చుంది. గెలిచిన 64 మంది నిర్ణయాన్ని అధ్యక్షుడు ఖర్గేకు వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేశారు. మర్నాడు ఢిల్లీ నుంచి రేవంత్ రెడ్డి పేరు వచ్చింది. అక్కడ చీటీ, ఇక్కడ ఏకవాక్యం. పార్టీలు వేరైనా పద్ధతి ఒకటే. ప్రాంతీయ పార్టీల్లో ఆపాటి తంతు కూడా అక్కర్లేదు. అధినేతే నాయకుడు, ఆయన తర్వాత ఎవరన్నది ఇంట్లో తేలే విషయం.

‘ఇందులో తప్పేముంది?’ అని అడగడం ఇప్పుడు లోకజ్ఞానంగా చెలామణి అవుతోంది. టీవీ చర్చల్లోనూ, పార్టీ ఆఫీసుల్లోనూ వినిపించే సమర్థనలు మూడు. ఒకటి, జనం ఓటేసింది పార్టీకి, దాని పెద్ద ముఖానికి, కాబట్టి ఎమ్మెల్యే అభిప్రాయంతో పనిలేదు. రెండు, ఎమ్మెల్యేల చేతికి ఎంపిక వదిలితే అది సంత అవుతుంది. మూడు, పోటీ పెడితే పార్టీ చీలుతుంది, ప్రభుత్వం కూలుతుంది. ఈ మూడూ నిలిచే వాదనలు కావు. ప్రభుత్వాధినేతను ఎన్నుకోవాల్సింది చట్టసభే. సభలోనే, రహస్య బ్యాలెట్‌తో, ప్రమాణ స్వీకారానికి ముందే ఎన్నుకోవాలి.

ముందు రాజ్యాంగం సంగతి చూద్దాం. 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని నియమించేది గవర్నర్. మంత్రిమండలి సమష్టిగా జవాబు చెప్పుకోవాల్సింది శాసనసభకు. మరి సభ విశ్వాసం ఎవరి మీద ఉందో గవర్నర్‌కు తెలిసేదెలా? రాజ్యాంగంలో దీనికి జవాబు లేదు, సంప్రదాయానికి వదిలేశారు. ఆ ఖాళీలో పార్టీ ఆఫీసు వచ్చి కూర్చుంది. బలం తేలాల్సింది సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. కానీ అది కుర్చీ ఎక్కిన తర్వాత జరిగే పరీక్ష. ఎమ్మెల్యే నోరు విప్పే వేళకు ముఖ్యమంత్రి ప్రమాణం చేసేసి ఉంటాడు, విప్ జారీ అయి ఉంటుంది, దాన్ని ధిక్కరిస్తే 1985 నాటి పదో షెడ్యూలు కింద సభ్యత్వానికే ముప్పు.

మన మండల పరిషత్తు అధ్యక్షుడి ఎన్నిక చూసినవాళ్లకు తేడా వెంటనే అర్థమవుతుంది. ఎంపీటీసీలను ప్రత్యేక సమావేశానికి పిలుస్తారు. కోరం లేకపోతే వాయిదా వేస్తారు. పేరును ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. పోటీ ఉంటే చేతులెత్తించి లెక్కపెడతారు, ఎవరికెన్ని వచ్చాయో మినిట్స్‌లో రాస్తారు. కొన్ని ఊళ్ల మండలానికి ఉన్న ఈ పద్ధతి కోట్ల మంది ఉన్న రాష్ట్రానికి లేదు. రాష్ట్రం మొత్తానికి ఒక చీటీ సరిపోతోంది.

ఇక మొదటి వాదన, ముఖం. ఆ 2023 ఎన్నికలనే తీసుకుందాం. రాజస్థాన్‌లో బీజేపీ గానీ, తెలంగాణలో కాంగ్రెస్ గానీ ముఖ్యమంత్రి అభ్యర్థిని ప్రకటించనే లేదు. చూపించని ముఖానికి జనం ఓటేశారంటే ఎలా నమ్మాలి? పోనీ, ముఖం ఉన్నచోట ఏం జరిగింది? 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో అత్యధికులు ఆయన కొడుకు జగన్ కావాలంటూ సంతకాలు చేశారు. అధిష్ఠానం రోశయ్యను కొనసాగించింది, ఏడాది తిరిగాక కిరణ్‌కుమార్ రెడ్డిని తెచ్చింది. జగన్ తగినవాడా కాదా అన్నది వేరే చర్చ. సంతకాల కాగితం మీద కాకుండా సభలో బ్యాలెట్ మీద ఆ ప్రశ్న తేలి ఉంటే, ఎవరు గెలిచినా ఆ మాటకు ఒక అధికారం ఉండేది. జనం ముఖం చూసి ఓటేశారని అనేవాళ్లు, ఆ ముఖం పోయాక వచ్చిన ఇద్దరికీ జనం ఎప్పుడు ఓటేశారో చెప్పాలి.

అంతకు ముందు కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1978లో ఎన్నికైన ఒకే అసెంబ్లీకి చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా నలుగురు ముఖ్యమంత్రులు. మార్పులన్నీ ఢిల్లీలోనే తేలాయి. ‘సీల్డు కవరు ముఖ్యమంత్రి’ అన్న మాట మన పత్రికల్లో ఊరికే స్థిరపడలేదు. ఆ అవమానం మీదే 1983 జనవరిలో ఎన్టీఆర్ ఆత్మగౌరవం పేరుతో గెలిచారు. విచిత్రమేమిటంటే, సీల్డు కవరు మీద కోపంతో పుట్టిన రాజకీయం కూడా ఎమ్మెల్యేకు ఆ ఓటు ఇవ్వలేదు. కవరు చిరునామా ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది, అంతే.

ముఖమే ముఖ్యమైతే ముఖ్యమంత్రిని జనమే నేరుగా ఎన్నుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. పార్లమెంటరీ పద్ధతిని అలాగే ఉంచి ప్రధానిని నేరుగా ఎన్నుకునే ప్రయోగం ఇజ్రాయెల్ చేసింది. 1996, 1999, 2001లో ఓటర్లు ప్రధానికి విడిగా ఓటేశారు. బలమైన ప్రధాని వస్తాడనుకుంటే జరిగింది తలకిందులు. ప్రధాని ఓటు పెద్ద పార్టీ నేతకు వేసిన ఓటరు, సభ ఓటు తనకు నచ్చిన చిన్న పార్టీకి వేశాడు. 120 మంది సభలో రెండు పెద్ద పార్టీలకు 1992లో 76 సీట్లు ఉండగా 1999లో 45 మిగిలాయి. నేరుగా గెలిచిన ప్రధాని చిన్న పార్టీల గుమ్మాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2001లో ఆ చట్టాన్ని వాళ్లే ఎత్తేశారు. సభను పక్కనబెట్టి గెలిచినవాడైనా చివరికి సభతోనే కాపురం చేయాలి.

పార్టీ సభ్యులకు ఓటిస్తే సరిపోతుందనే వాదానికి బ్రిటన్ జవాబు చెప్పింది. 2022లో కన్సర్వేటివ్ ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113 ఓట్లు వచ్చాయి. పార్టీ సభ్యులు మాత్రం ట్రస్‌నే గెలిపించారు. ఎంపీల్లో మూడో వంతు మద్దతుతో ప్రధాని అయిన ఆమె రెండు నెలలు కూడా నిలవలేదు.

రెండో వాదన బలమైనది. 1984, 1995 చూసిన తెలుగువాడికి ‘ఎమ్మెల్యేలకు వదిలేయండి’ అనగానే క్యాంపులు, బస్సులు, హోటళ్లు గుర్తొస్తాయి. అయితే ఆ రెండు ఘటనల్లో లోపించింది ఏమిటో చూడండి. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. బలాబలాల లెక్క రాజ్‌భవన్‌లో జరిగింది, సభలో జరగలేదు. తన ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి ఎన్టీఆర్ వాళ్లను కర్ణాటక దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చింది. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యేదాకా రాష్ట్రం నెల రోజులు ఉడికిపోయింది. ఇద్దరి పేర్లతో ఒక బ్యాలెట్ పెడితే ఒక పూటలో తేలే విషయమది.

1995 ఆగస్టులోనూ అదే లోపం. ఎన్టీఆర్ మీద తిరగబడ్డ ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో ఉన్నారు, సభలో కాదు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. అది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అని ముప్పై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాం. ఎమ్మెల్యేలు నాయకుణ్ణి మార్చడం తప్పు కాదు, పార్లమెంటరీ పద్ధతిలో అది వాళ్ల హక్కు. ఆ హక్కుకు సభలో తలుపు లేకపోవడం వల్లే అది హోటల్ తలుపు తట్టింది. దొడ్డిదారిన జరిగినదాన్ని ఎవరూ తీర్పుగా ఒప్పుకోరు.

తలుపు తెరిస్తే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లో ఒకసారి చూశాం. 1998 ఫిబ్రవరిలో గవర్నర్ రొమేశ్ భండారీ రాత్రికి రాత్రి కల్యాణ్ సింగ్‌ను తీసేసి జగదంబికా పాల్‌ను కూర్చోబెట్టారు. సుప్రీంకోర్టు ఆదేశం మీద ఆ నెల 26న ఇద్దరి మధ్య సభలోనే ఓటింగు జరిగింది. కల్యాణ్‌కు 225, పాల్‌కు 196. ఆ తర్వాత ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్నే లేదు. ఒక రాష్ట్రంలో అత్యవసరంగా కోర్టు చేయించినదాన్ని అన్ని రాష్ట్రాల్లో మామూలు పద్ధతిగా ఎందుకు చేసుకోకూడదు?

రహస్య బ్యాలెట్ అనగానే ‘అమ్ముడుపోయినవాడు దాక్కోవడానికా?’ అంటారు. ఆ భయంతోనే 2003లో రాజ్యసభ ఎన్నికల్లో బహిరంగ ఓటు తెచ్చారు. ఆగిందా? 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు చూపించి మరీ బీజేపీ అభ్యర్థికి ఓటేశారు. 34–34తో సమానమై లాటరీలో ఫలితం తేలింది, ఆ ఎమ్మెల్యేలు హర్యానాలో తేలారు. మన మండల పరిషత్తు అధ్యక్షుడి ఎన్నికల్లో క్యాంపులు నడిచేది కూడా చేతులెత్తే పద్ధతిలోనే. ఓటు కనబడితే కొనేవాడికి రసీదు దొరికినట్టే, బెదిరించేవాడికీ దొరికినట్టే. బ్యాలెట్ రహస్యమైతే డబ్బు మాయమైపోతుందని నేను అనను. కానీ ఓటు పడిందో లేదో తెలియని బేరానికి కోట్లు పెట్టేవాళ్లు తగ్గుతారు, హోటల్లో కాపలా కాసినా లాభం లేదని తెలిసిపోతుంది.

జర్మనీలో చాన్సలర్‌ను పార్లమెంటు దిగువ సభ చర్చ లేకుండా రహస్య ఓటుతో ఎన్నుకుంటుంది. 2025 మే 6న చాన్సలర్ అభ్యర్థి మెర్జ్‌కు కావాల్సినవి 316 ఓట్లు, ఆయన కూటమికి ఉన్నవి 328. మొదటి విడతలో 310 వచ్చి ఓడిపోయారు. సొంత కూటమిలో కనీసం 18 మంది మొండిచెయ్యి చూపారు. ఎవరూ బస్సులెక్కలేదు, ఎవరి సభ్యత్వమూ పోలేదు. మధ్యాహ్నం మళ్లీ ఓటింగు పెడితే 325 వచ్చాయి. నాయకుడికి హెచ్చరిక అందింది, దేశానికి ప్రభుత్వమూ దక్కింది.

మూడో వాదన, పోటీతో పార్టీ చీలుతుందన్నది. 1966 జనవరి 19న శాస్త్రి వారసుడి కోసం కాంగ్రెస్ ఎంపీలు ఓటేశారు. ఇందిరకు 355, మొరార్జీకి 169. ఓడిన మొరార్జీ మరుసటి ఏడాది ఆమె కింద ఉపప్రధాని అయ్యారు. 1969లో పార్టీ చీలింది నిజమే, కానీ ఆ చీలిక రాష్ట్రపతి ఎన్నిక దగ్గర, ఎంపీల ఓటు దగ్గర కాదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1946లో మద్రాసు రాష్ట్రానికి రాజాజీ కావాలని గాంధీజీ సహా పైపెద్దలు కోరుకున్నారు. కాంగ్రెస్ సభ్యులు ఒప్పుకోలేదు, టంగుటూరి ప్రకాశాన్ని ఎన్నుకున్నారు. గాంధీజీ మాటనే కాదనగలిగిన శాసనసభ్యుల వారసులు ఇవాళ చీటీ విప్పేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంటున్నారు.

ఏడాది తిరక్కుండానే ప్రకాశాన్ని వాళ్లే దించేశారు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి మందు కూడా జర్మనీ రాజ్యాంగంలోనే ఉంది. అక్కడ చాన్సలర్‌ను దించాలంటే అదే ఓటుతో కొత్తవాణ్ణి ఎన్నుకోవాలి. 1949 నుంచి ఆ అస్త్రం రెండే సార్లు ప్రయోగించారు, 1982లో ఒక్కసారే ఫలించింది. మన దగ్గర 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాలో కూలింది. ప్రత్యామ్నాయం ఎవరి దగ్గరా లేదు. దింపడానికి మెజారిటీ ఉంది గానీ ఎక్కించడానికి లేదు. ఫలితంగా కార్గిల్ యుద్ధాన్ని ఆపద్ధర్మ ప్రభుత్వం నడిపింది, దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. అస్థిరత వచ్చింది సభకు అధికారం ఉన్నందువల్ల కాదు, దింపే సగమే ఉండి ఎన్నుకునే సగం లేనందువల్ల.

ఇదేమీ నా సొంత ఊహ కాదు. జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002 నివేదికలో ఈ రెండూ ఉన్నాయి. ఎవరికీ మెజారిటీ రానప్పుడు సభే నాయకుణ్ణి ఎన్నుకోవాలని, అవిశ్వాసంతోపాటే ప్రత్యామ్నాయ నేత పేరు ఉండాలని అది సిఫార్సు చేసింది. నేను ఇంకొక అడుగు వేయమంటున్నాను. మెజారిటీ వచ్చినప్పుడు కూడా ఆ ఓటు జరగాలి. తాత్కాలిక స్పీకర్ సభ్యులతో ప్రమాణం చేయించాక సభ మొదటి పని నాయకుడి ఎన్నిక కావాలి. గెలిచినవాణ్ణి గవర్నర్ పిలవాలి. ఆ ఒక్క ఓటునూ పదో షెడ్యూలు నుంచి మినహాయించాలి.

ఈ సవరణ కోసం ఏ ఎమ్మెల్యే గొంతెత్తుతాడని నాకు ఆశ లేదు. వచ్చేసారి టికెట్టు ఎవరి చేతిలో ఉందో, ఆ ఓటు ఎవరికి ఇబ్బందో అందరికీ తెలుసు. చీటీ రాసే చెయ్యి తనంతట తాను కలం కింద పెట్టదు. కాబట్టి అడగాల్సింది ఓటరే. రేపు మీ వీధికి ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని రోడ్డు గురించి, పింఛను గురించి అడిగినట్టే ఇదీ అడగండి: ‘ముఖ్యమంత్రిని ఎన్నుకునే ఓటు నీకుందా? లేకపోతే దాని కోసం సభలో ఏం చేస్తావు?’ జవాబు చెప్పలేనివాడు మన ప్రతినిధిగా వెళ్లడం లేదు, ఇంకొకరి చప్పట్ల కోసం వెళ్తున్నాడు.