తలసరి రాగి

కృష్ణా డెల్టాలో తాతగారి పదెకరాలు మనుమల నాటికి తలా రెండెకరాలవుతాయి. రాగి లెక్క అలా సాగలేదు. 1970లో ప్రపంచపు రాగి నిల్వలు సుమారు 28 కోట్ల టన్నులు. నాటి జనాభాకు పంచితే మనిషికి 75 కిలోలు. ఆ తరువాత యాభై ఏళ్లు ఎడతెగక తవ్వినా, జనం రెట్టింపయినా, 2020 నాటికి నిల్వలు 87 కోట్ల టన్నులకు, తలసరి వాటా 110 కిలోలకు పెరిగాయి. భూమి కొత్తగా రాగిని కనలేదు. లాభానికి తవ్వదగినదే 'నిల్వ' అనిపించుకుంటుంది. ధర పెరిగి, అన్వేషణ సాగి, నాసిరకం ఖనిజం కూడా ఆ గౌరవం పొందింది.

కనుక తలసరి అంకెను చూసి మురియడం గాని, కుంగడం గాని తొందరపాటే. చిలీ పౌరుని వాటా తొమ్మిది టన్నులు దాటుతుంది. భారతీయునిది దాదాపు ఒకటిన్నర కిలో. వినుకొండ సమీపాన అగ్నిగుండాలలో రాగి ఖనిజం ఉన్నదన్న తృప్తి వేరు, దానితో ఈ అంకె పెద్దగా మారదు. డెల్టా రైతు ఐదు హార్స్‌పవర్ మోటారు వైండింగుకే అంతకు మించిన రాగి కావాలి. కాని ఎన్నిసార్లు కరిగించినా రాగి గుణం తరగదు. కాలిన మోటారు విప్పి పాత తీగను తూకానికి అమ్మే విజయవాడ దుకాణం ఏ నిల్వల పట్టికలోనూ కనిపించదు. భూగర్భంలోని రాగినే సంపదగా లెక్కించి, ఇంటింటా ఉన్నదానిని పాత సామానుగా విడిచిపెట్టడం సరైన గణన కాదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగులగొట్టి తీగ ఎత్తుకుపోయే దొంగలకు దాని విలువ ఎప్పుడో తెలిసింది.