బెంజి కొనడం తేలికే భాయ్

మొన్న జుమా నమాజ్ అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా కుర్రాడొకడు వచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. సలాం అయింది, ఖైరియత్ అయింది. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. తెల్ల ఈ క్లాస్, 2012 మోడల్, డీజిల్, ఢిల్లీ నంబరు.

"భాయ్‌జాన్, ఏడు లక్షలంట. కొత్త డిజైర్ కన్నా తక్కువకే బెంజి వస్తోంది. లోన్ లేదు, సూద్ లేదు. తీసుకోనా?"

వాడి నిఖా ఇంకో మూడు నెలల్లో ఉంది. ఆ ఫోటో చూస్తున్న వాడి కళ్లల్లో నాకు బారాత్ కనపడింది.

వద్దని నేననలేదు. అనడానికి నాకు హక్కు కూడా లేదు. 2021లో నేనూ ఇదే పని చేశాను. పాత బెంజి కొనడం ఇస్రాఫ్ అనీ, దిఖావా అనీ కొట్టిపారేసే పెద్దమనుషులున్నారు. వాళ్లతో నాకు పూర్తి ఇత్తెఫాక్ లేదు. బ్యాంకుకు ఏడేళ్లు సూద్ కడుతూ కొత్త బండిలో తిరిగేవాడి కన్నా, చేతిలో ఉన్న హలాల్ పైసలతో పాత బండి కొన్నవాడు ఏ లెక్కన ఫిజూల్ ఖర్చీ చేసినట్టు? నా ఏతరాజ్ అది కాదు. బండి ధర ఏడు లక్షలని వాడనుకోవడం మీదే నా ఏతరాజ్ అంతా.

ముందు నా సంగతి చెప్తాను. మా అబ్బా కడప నుంచి కువైట్ వెళ్లి ఒక కఫీల్ ఇంట్లో పద్దెనిమిదేళ్లు డ్రైవరీ చేశారు. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న రోజులవి. కఫీల్‌ది మెర్సిడెస్ 300 ఎస్‌ఈఎల్. 1990 ఆగస్టులో ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగినప్పుడు ఆ తాళాలు కఫీల్ చేతిలో పెట్టి, బస్సుల్లో అమ్మాన్ దాకా పోయి, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి చేరారు. గొడవ సద్దుమణిగాక మళ్లీ వెళ్లి అదే ఇంట్లో చేరారు. అన్నేళ్లలో ఆ బండి వెనక సీటు మీద ఆయన తుడవడానికి తప్ప చెయ్యి పెట్టింది లేదు.

నేను కొన్నది ఈ220 సీడీఐ, 2008 మోడల్. షోరూంలో కొన్నప్పుడు ముప్పై లక్షల పైమాటే. నాకు 4,25,000కు వచ్చింది. అబ్బాని వెనక కూర్చోబెట్టి కడప తీసుకెళ్లాలని నియ్యత్. దాంట్లో దిఖావా అసలు లేదని కసం తిని చెప్పలేను. ఉంది.

అమ్మినాయన మనవాడే. చేతిలో తస్బీహ్, మాటకో మాషాఅల్లాహ్. "మక్ఖన్ బండి హై భాయ్, ఆంఖ్ బంద్ కర్‌కే లేలో" అన్నాడు. నేను నిజంగానే కళ్లు మూసుకుని తీసుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు అబ్బా వెనక డోర్ తీసి సీటు చూశారు, మళ్లీ మూసేశారు, వచ్చి ముందు నా పక్కన కూర్చున్నారు. స్టార్ట్ చేశాను. రెండు నిమిషాలు చెవి పెట్టి విన్నారు.

"ఆవాజ్ బరాబర్ నై రే. ఏదో ఛఫ్ ఛఫ్ అంటోంది."

"పాత డీజిల్ అబ్బా, అట్లే ఉంటుంది" అన్నాను. పద్దెనిమిదేళ్లు బెంజి తోలిన మనిషికి, అప్పటికి నాలుగు గంటలు తోలిన నేను చెప్పాను ఈ మాట.

మూడు నెలలకు ఏసీ వేస్తే లోపల పొగ వాసన రావడం మొదలైంది. ఒక పెద్ద వర్క్‌షాప్‌లో చూపించాను. నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి, మార్చాలి, 1,84,000 అని కాగితం ఇచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా బ్యాంకులో ఉన్నది అమ్మీ అబ్బాల ఉమ్రా కోసం పక్కన పెట్టిన పైసలు మాత్రమే. అమానత్ లాంటి డబ్బు అది.

అబ్బానే ఒక పాత ఉస్తాద్‌ను పట్టుకున్నారు. ఆయన ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ తీశాడు. కింద ఇంజెక్టర్ల చుట్టూ తారు పోసినట్టు గడ్డకట్టిన నలుపు. ఈ సీడీఐ ఇంజన్లకు ఇది పాత బీమారీ. ఇంజెక్టర్ అడుగున ఒక రాగి వాషర్ ఉంటుంది. అది సరిగా పట్టకపోతే సిలిండర్‌లోని గాలి పక్కనుంచి తన్నుకొస్తుంది. ఛఫ్ ఛఫ్ అన్న చప్పుడు అదే. దాంతో వచ్చే మసి పేరుకుని రాయైపోతుంది. మొదట్లోనే పట్టుకుంటే ఇంజెక్టర్ తీసి, అది కూర్చునే చోటు శుభ్రం చేసి, కొత్త వాషర్, కొత్త బోల్టు వేస్తే సరి. బోల్టు కూడా మార్చాల్సిందే, ఒకసారి సాగితే మళ్లీ పనికిరాదు. ఆలస్యమైతే ఇంజెక్టర్ సిమెంటులో పాతినట్టు ఇరుక్కుపోతుంది. నాది మూడోది ఇరుక్కుంది. దాన్ని లాగడానికే రెండు రోజులు పట్టింది. మొత్తం 23,000 అయింది. అబ్బా చెప్పిన రోజే పోయుంటే నాలుగైదు వేలతో అయ్యేదని ఉస్తాద్ అన్నాడు. అబ్బా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ నల్లటి ముద్ద మూడు నెలల్లో తయారైంది కాదు. కవర్ ఎత్తి చూసిన ఎవరికైనా కనపడేది. అమ్మినవాడు చూళ్లేదంటే నేను నమ్మను.

మొదటి ఏడాదిలో దీనికి తోడు నాలుగు టైర్లు, ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు, ఏసీ పని, గేర్ ఆయిల్. టైర్ మీద గాట్లు బాగానే కనపడ్డాయి, కానీ పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నావి 2013వి. గేర్‌బాక్స్ ఆయిల్ జిందగీ అంతా మార్చక్కర్లేదని కంపెనీ మొదట్లో చెప్పింది, తర్వాత తనే మాట మార్చి అరవై వేల కిలోమీటర్ల దగ్గర మార్చమంది. ఆ మొదటి మాట పట్టుకుని ఎన్నో బండ్లు ఒక్కసారి కూడా మార్చకుండానే చేతులు మారుతున్నాయి. ఇంజన్ ఆయిల్ కూడా దొరికింది పోస్తే కాదు, డబ్బా వెనక 229.3 లేదా 229.5 అన్న మెర్సిడెస్ నంబరు ఉండాలి. అన్నీ కలిపి ఆ ఏడాది 1,90,000 దాటింది.

నాలుగు లక్షల బండికి ఇంత ఖర్చా అని బంధువులు ఆశ్చర్యపోయారు. నాకు అర్థమైంది ఒకటే. పాతబడే కొద్దీ బండి ధర పడిపోతుంది గానీ సామాను ధర పడదు. హెడ్‌లైట్ పగిలితే షాపువాడు నువ్వు ఎంతకు కొన్నావని అడగడు. అది ముప్పై లక్షల బండి హెడ్‌లైటే. మనం కొనేది నాలుగు లక్షల కారు, పోషించేది ముప్పై లక్షల కారు. ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ ఈ వయసు బండికి ఇవ్వరు కాబట్టి దెబ్బ తగిలితే సగం మన జేబే.

అందుకే ఆ కుర్రాడికి చెప్పాను. చేతిలో ఏడు లక్షలుంటే నాలుగున్నర బండి చూడు. మిగతా రెండున్నరా విడిగా పెట్టు, దాన్ని వలీమాకు ముట్టుకోకు. (నువ్వు నడుపుకునే బండి మీద జకాత్ లేదు గానీ, నిసాబ్ దాటి ఏడాది తిరిగితే ఆ పక్కన పెట్టిన నఖ్దు మీద ఉంటుంది. అది కూడా లెక్కలో వేసుకో.)

ఇక ఢిల్లీ బండ్ల సంగతి. అవి చవగ్గా ఎందుకొస్తాయంటే, పదేళ్లు దాటిన డీజిల్‌ను ఢిల్లీ ప్రాంతంలో తిప్పకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీం కోర్టూ దాన్నే బలపరిచింది. దాంతో అక్కడివాళ్లు వచ్చినంతకు వదిలించుకున్నారు. బండి చెడ్డదని కాదు. కానీ అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, పేరు మార్పిడి, ఇవన్నీ ఆ ఏడు లక్షల్లో లేవు. పైగా పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 చేశారు. ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ వేరే. నా బండికి 2023లో ఆ గడప దాటించాను. వాడి 2012 బండికి అది ఎంతో దూరం లేదు.

పాత లగ్జరీ అంటే అన్నీ ఒకటే కాదని కూడా చెప్పాలి. నేను తీసుకున్న మోడల్‌లోనే 2006కు ముందు వాటికి కరెంటుతో పనిచేసే బ్రేకు పంపు ఉండేది. ఎన్నిసార్లు బ్రేకు తొక్కామో అది లెక్కపెట్టుకుని, హద్దు దాటాక ఎర్ర లైటు వెలిగించేది. 2004లో కంపెనీ 6,80,000 బండ్లు ఆ బ్రేకు కోసమే వెనక్కి పిలిపించింది, చివరికి ఫేస్‌లిఫ్ట్‌లో ఆ పద్ధతే తీసేసింది. పక్కపక్కన పెడితే ఆ రెండు బండ్లకూ ఫర్క్ తెలియడం కష్టం. ధరలో యాభై వేలు తేడా. ఆ యాభై వేలకు ఆశపడితే కథ వేరే.

ఇప్పుడు అసలు నా కడుపుమంట. ఈ సిటీలో పాత కార్ల కారోబార్‌లో మన బిరాదరీ వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్‌లు చెరిపేస్తారు. మీటర్ మీద వార్నింగ్ మాయమవుతుంది, రెండు మూడు రోజులు తిరిగాక మళ్లీ వస్తుంది. అప్పటికి సౌదా అయిపోయి ఉంటుంది. అడిగితే "యాజ్ ఈజ్ అని చెప్పే ఇచ్చాం కదా భాయ్" అంటారు. నేను ఆలింను కాను. అయినా ఫిఖ్‌లో ఖియారుల్ ఐబ్ అని ఒక బాబ్ ఉందనీ, దాచిన ఐబ్ బయటపడితే కొన్నవాడికి వాపస్ ఇచ్చే హక్కు ఉందనీ మదర్సాలో రెండేళ్లు చదివినవాడికీ తెలుసు. బజార్‌లో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి, లోపల తడి చూసి, దీన్ని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ వ్యాపారిని నిలదీసిన వాకియా మనం ఖుత్బాల్లో ఎన్నిసార్లు వినలేదు! ఆ ప్లాస్టిక్ కవర్ కింద ఉన్నది కూడా తడి ధాన్యమే కదా. కవర్ ఎత్తి చూపించి, "ఇదిగో ఇది ఉంది, దీనికి ఇరవై వేలు తగ్గిస్తాను" అని ఉంటే నేను అదే బండి, అదే మనిషి దగ్గర సంతోషంగా కొనేవాణ్ణి. దువా కూడా ఇచ్చేవాణ్ణి.

కొనేవాళ్ల తప్పూ ఉంది. సలాం చెప్పినవాణ్ణి స్కానర్ పెట్టనివ్వమని అడగడానికి మనకు మొహమాటం. ఇజ్జత్ అడ్డొస్తుంది. సొంత చెల్లెలి రిష్తాకు పది ఇళ్లలో వాకబు చేస్తాం, ఏడు లక్షల బండికి సర్వీస్ కాగితం అడగం.

కిందటి ఆదివారం ఆ తెల్ల బండి చూడ్డానికి వెళ్లాం. కుర్రాడు, నేను, అబ్బా. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. ముందే వేడి చేసి పెట్టొద్దు, చల్లటి ఇంజన్ మేమే స్టార్ట్ చేస్తామని ఫోన్‌లో చెప్పాం. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. ఆ ఇంజన్‌లో టైమింగ్ చైన్ వెనకవైపు గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది, అక్కడ చెయ్యి పెట్టడం ఆసాన్ కాదు. అందుకే దాని చప్పుడు చల్లగా ఉన్నప్పుడే వినాలి. సరే, పైన కవర్ అయినా తియ్యమన్నారు అబ్బా. క్లిప్పులు విరుగుతాయి చాచా అన్నాడు షోరూం అబ్బాయి. విరిగితే పైసలు నేనిస్తానన్నారు అబ్బా. యజమాని లేడు, తియ్యనన్నాడు.

అబ్బా చేతులు తుడుచుకుని ఆటో ఎక్కారు. కుర్రాడు దారంతా మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం, వనస్థలిపురంలో ఇంకోటి ఉందట, ఒకే ఓనర్, తెలంగాణ నంబరే, కాగితాలన్నీ ఉన్నాయంటున్నారు, వస్తారా దాదా అని అడిగాడు.

రేపు పొద్దున్నే ఫజర్ అయ్యాక బయల్దేరుతున్నాం. టార్చిలైటుకు కొత్త సెల్లు తెమ్మని అబ్బా ఇందాకే చెప్పారు.